రెండో డబ్బా

పదకొండో ఏడు, 402వ రోజు

మంచు బండి ఈ ఉదయం వెళ్ళింది. తోలేది ఎప్పటిలాగే జక్కరయ్య అన్న, ఒక్కడే. ఉత్తరాన మంచు గొయ్యి దాకా ఒక పగలంతా ప్రయాణం. అక్కడ గడ్డలు కోసి ఎత్తుకుని, మర్నాడు పొద్దుగూకేలోపు తిరిగి రావాలి. ఎర్రపాలెంలో ఉన్న నూట నలభై మూడు మందిమి తాగే నీళ్ళన్నీ అలా వచ్చినవే. పదకొండేళ్ళుగా ఆయన వెళ్తున్నాడు, వస్తున్నాడు. అదేమంత విశేషమని ఎవరూ అనుకోరు.

నా పని బండ్లు చూడటం. బయటికి పోయే బండికి పంతొమ్మిది తనిఖీలు. చక్రాల దగ్గర మొదలుపెట్టి, తలుపు రబ్బర్లు, దీపాలు, తాళ్ళు ఇలా చూసుకుంటూ పోవాలి. ఆఖరిది వెనక సీటు కింద అర తెరిచి రెండో డబ్బా ఉందో లేదో చూడటం. బయట పీల్చుకునే గాలి లేదు. మనం వదిలిన ఊపిరిని శుభ్రం చేసి మళ్ళీ పీల్చుకోవడానికి ఇచ్చేది ఆ డబ్బానే. బండికి బిగించి ఉండే మొదటి డబ్బా ఒక మనిషికి ఐదు రోజులు వస్తుంది. అరలో పెట్టేది కాస్త చిన్నది, ఇంకో నాలుగు రోజులు వస్తుంది.

ఈ పుస్తకం నేను తప్ప ఇంకెవరూ చదవరు కాబట్టి ఒక సంగతి రాసుకోవచ్చు. బండి కదిలే ముందు ఊరంతా షెడ్డులోకి వచ్చి, దాని మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాం. పాత భూమి మీద మా తాతలు వేటకి పోయే పడవల మీద చెయ్యేసి ఇలాగే చేసేవాళ్ళట. పాస్టరు తిమోతి గారు ప్రార్థన మొదలుపెడితే ఆదాము దగ్గర నుంచి వస్తారు. పావుగంటకి తగ్గదు. అందరూ కళ్ళు మూసుకున్న ఆ పావుగంటలో నేను కళ్ళు తెరుచుకుని చివరి ఐదు తనిఖీలు కానిచ్చేస్తాను. ఆయన నోవహు ఓడ ఎక్కగానే పదిహేనోది మొదలుపెడతాను. ఇశ్రాయేలు జనం సముద్రం దాటేసరికి నాకు పంతొమ్మిదీ అయిపోతాయి. అందరితో పాటు ఆమెన్ అంటాను. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఏ రోజూ తేడా రాలేదు.

ఈ రోజు తిమోతి గారికి గొంతు పోయింది. మాట పెగల్లేదు. కెజియమ్మ వదినను చెయ్యమని సైగ చేశారు. ఆవిడ జక్కరయ్య అన్న భార్య. బండి రేకు మీద అరచెయ్యి ఆనించి, "ప్రభువా, తీసుకెళ్తున్నావు. తీసుకురా. తీసుకురాకపోయినా నువ్వే మా దేవుడివి. ఆమెన్," అంది. అంతే, అయిపోయింది. నేనింకా పదిహేనోదాని దగ్గరే ఉన్నాను.

అందరూ కళ్ళు తెరిచారు. జక్కరయ్య అన్న తనిఖీ కాగితం కోసం చెయ్యి చాపాడు. ఆగమని ఉంటే ఐదు నిమిషాలు ఆగేవాడు. ఎందుకాగాలి అంటే ఏం చెప్పాలి? ప్రార్థనలో తనిఖీ చేస్తున్నానని చెప్పాలి. మిగిలిన నాలుగు గళ్ళలోనూ టిక్కులు కొట్టి ఇచ్చేశాను.

అన్నీ బాగానే ఉంటాయి. ఎప్పుడూ బాగానే ఉన్నాయి.

403వ రోజు

మధ్యాహ్నానికి దుమ్ము లేచింది. కిటికీ అవతల పక్క గోడ కూడా కనపడనంత దుమ్ము. గుట్ట మీది రేడియో స్తంభానికి బండి ఊరికి దగ్గరపడ్డాకే మాట అందుతుంది, అదీ ఎండ మీద బతికేది. ఎండ లేక అది మూగబోయింది. సాయంత్రం ఆరయింది, ఏడయింది, బండి రాలేదు.

ఊరి బాధ్యత చూసే సరోజిని గారు అందరినీ వంటశాలలో కూర్చోబెట్టి లెక్క చెప్పారు. ఆవిడకి తొందర ఉండదు, గట్టిగా మాట్లాడే అలవాటూ లేదు. "దుమ్ములో జక్కరయ్య ఎక్కడో ఆగి ఉంటాడు. ఆగమనే మనం నేర్పించాం. తిండి ఉంది, వెచ్చదనం ఉంది. గాలికి రెండు డబ్బాలు, తొమ్మిది రోజులు. ఇప్పుడు రెండో బండిని పంపితే ఇంకో ఇద్దరు దారి తప్పుతారు. దుమ్ము తగ్గాక వెళ్దాం. తగ్గకపోతే ఎనిమిదో రోజున ఎలాగైనా వెళ్దాం."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తొమ్మిది రోజులంటే చాలా ఉన్నట్టు అనిపించింది. రెండో బండి తోలే మస్తాను నా భుజం తట్టి, "నువ్వు చూసిన బండేగా అన్నా," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన విడత రెండో డబ్బాని నేనే అరలోంచి తీసి నింపడానికి పెట్టాను. తిరిగి పెట్టానా? ఎంత ఆలోచించినా పెట్టినట్టు గుర్తు లేదు. అవే డబ్బాల్ని ఇళ్ళ గాలి గొట్టాలకీ వాడతాం. ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకుపోతారు, తెచ్చి పెడతారు. షెడ్డులో ఎన్ని ఉండాలో ఎవరికీ తెలీదు. ఎంచి చూసినా ఏమీ తేలదు.

పెట్టే ఉంటాను.

404వ రోజు

దుమ్ము తగ్గలేదు. నీళ్ళకి కోత పెట్టారు, స్నానాలు బంద్.

కెజియమ్మ వదినకి పాచి తొట్లు చూసే పని. మేం తినే పచ్చదనంలో సగం ఆ ఆరు తొట్లలో పెరిగే నాచే. దాన్ని పొద్దస్తమానం కర్రతో కలియబెడుతూ ఉండాలి. వాడిన నీళ్ళు వడకట్టి మోసుకొచ్చి రోజూ పొయ్యాలి. ఆ మోత పని జక్కరయ్య అన్నది. ఆయన లేడు కాబట్టి నేను పోస్తానని వెళ్ళాను. జాలిపడి వెళ్ళానని అందరూ అనుకున్నారు. ఆవిడ ముఖంలో ఏముందో చూడకుండా ఉండలేక వెళ్ళాను.

ముఖంలో నేను భయపడినట్టు ఏమీ లేదు. నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పని మాత్రం ఆపలేదు. నాలుగో తొట్టి దగ్గర అడిగింది. "పరంజ్యోతీ, ఆ రెండో డబ్బా మూత మహా బిగుతంట కదా. మీ అన్నకి మోచెయ్యి నెప్పి. తిప్పలేకపోతన్నా అనేవాడు. ఈసారి కాస్త వదులు చేసి పెట్టావా?"

లేదని అడ్డంగా తల ఊపడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆవిడ నన్ను అనుమానించలేదు, నిలదీయలేదు. మొగుడి మోచేతి గురించి అడిగింది.

"వదులు చేసే పెట్టాను వదినా," అన్నాను.

"పోన్లే," అంది. ఆ తర్వాత రెండు తొట్లు తేలిగ్గా కలిపింది.

నిన్నటి దాకా నాది మతిమరుపు. ఈ రోజు నుంచి అబద్ధం.

405వ రోజు

ఇక్కడి రోజు పాత భూమి రోజుకన్నా నలభై నిమిషాలు పొడుగు. మొదట దిగినవాళ్ళకి ఆ మిగులు సమయాన్ని ఏం చెయ్యాలో తోచక దేవుడికి ఇచ్చేశారు. కూరగాయలమ్మి తూచాక పైన వేసే కొసరులాంటిదని దానికి కొసరు ప్రార్థన అని పేరు పెట్టారు. రాత్రి భోజనాలకి ముందు అందరం వంటశాల బల్లల మీదే కూర్చుంటాం.

తిమోతి గారికి గొంతు కొంచెం తిరిగింది. చాలా సేపు ప్రార్థించారు. చివర్లో, "జక్కరయ్య క్షేమంగా తిరిగి వస్తాడని పూర్తిగా నమ్మేవాళ్ళు చేతులెత్తండి," అన్నారు. మనిషి మంచివాడు. ఊరికి ధైర్యం చెప్పాలని ఆయన తాపత్రయం.

చేతులన్నీ లేచాయి. నాదీ లేచింది. లేవకపోతే ఎవరైనా నా వైపు చూస్తారని భయం. పక్కవాళ్ళకన్నా ఒక జానెడు పైకే ఎత్తాను.

కెజియమ్మ వదిన చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది. బల్లల మధ్య గుసగుసలు మొదలయ్యాయి. కట్టుకున్నదానికే నమ్మకం లేకపోతే ఎట్టా అని వెనక ఎవరో అన్నారు. ఆవిడకి వినబడింది. లేచి నిలబడింది.

"వస్తాడని దేవుడు నాతో చెప్పలా, పాస్టరుగారూ. చెప్పనిదానికి చెయ్యెట్టా ఎత్తేది? రావాలనే అడుగుతున్నా. కడుపు చించుకుని అడుగుతున్నా. వస్తే వస్తాడు. రాకపోతే రేపు కూడా ఇదే బల్ల మీద కూర్చుని ఆయన్నే పిలుస్తా. నాకు తెలిసింది అదొక్కటే."

తిమోతి గారు తల దించుకున్నారు. తర్వాత పాట ఎత్తుకున్నారు.

ఈ నాలుగు రోజులూ లోపల అనుకుంటూ వచ్చిన మాట రాస్తాను. దేవుడే చూసుకుంటాడు. పొద్దున్న లేవగానే అదే అనుకున్నాను, షెడ్డులో నట్లు బిగిస్తూ అదే అనుకున్నాను. ఆవిడా దాదాపు ఆ మాటే అంది. కానీ ఆవిడ అడగాల్సిందంతా అడిగి, చెయ్యాల్సిందంతా చేసి ఆ మాట దగ్గరికి వచ్చింది. నేను చెయ్యాల్సింది తప్పించుకోవడానికి దాని వెనక దాక్కున్నాను. నా దేవుడు నాకు పరదా. సిగ్గుగా ఉంది. సిగ్గుపడుతూనే రెండు గరిటెలు జావ తాగి పడుకోబోతున్నాను. అది ఇంకా సిగ్గు.

406వ రోజు

అన్న బయల్దేరింది 402 ఉదయం. ఒక్క డబ్బానే ఉంటే రేపు ఉదయంతో గాలి సరి. ఊరు మాత్రం 411 ఉదయం దాకా ఉంటుందనుకుని కూర్చుంది.

పొద్దున్నే నీళ్ళు మోసుకుని తొట్ల దగ్గరికి వెళ్ళాను. చెప్పాలని వెళ్ళానని రాస్తే బాగుంటుంది. అది నిజం కాదు. నీళ్ళు పోసి వచ్చేద్దామనే వెళ్ళాను.

వదిన కర్ర ఆపి నా వైపు తిరిగింది. "ఒకటి అడుగుతా, ఏమనుకోబాకు. రాత్రి నీ చెయ్యి అందరికన్నా పైకుంది. చూశా. అంత నమ్మకం నీకెట్టా వచ్చింది? నాకు రాటల్లా. రెండు రోజుల నుంచి అడుగుతున్నా ఇమ్మని. నువ్వు ఎట్టా ప్రార్థన చేశావో చెప్పు, నేనూ అట్టా చేస్తా."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. నాలాంటివాడి దగ్గర నేర్చుకుందామని.

బిందె కింద పెట్టాను. అంతా చెప్పేశాను. కళ్ళు తెరుచుకుని చేసే తనిఖీలు, నాలుగు దొంగ టిక్కులు, తెరవని అర, వదులు చెయ్యని మూత. ఇక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. "నీ ప్రార్థన అంత పొట్టిది కాకపోతే చూసేవాణ్ణే వదినా," అని కూడా అన్నాను. అంటున్నప్పుడే నోరు కొరుక్కోవాలనిపించింది.

ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు. కర్రని తొట్టి అంచున ఆనించింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. నీళ్ళ కోత ఉన్నా అలా కడుక్కుంటూనే ఉంది.

"రేపు పొద్దున దాకానే అన్నమాట," అంది.

"డబ్బా లేకపోతే."

"నడువు సరోజినిగారి కాడికి. నిన్ను తిట్టేది తర్వాత."

సరోజిని గారు విన్నంతసేపూ నా కాగితాన్నే చూశారు. పంతొమ్మిది టిక్కులూ ఒక్క తీరుగా ఉన్నాయి. "నాలుగు రోజులు," అన్నారు. "మొదటి రోజే చెప్పి ఉంటే దుమ్ము ఇంత లేని వేళ వెళ్ళేవాళ్ళం పరంజ్యోతీ." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మస్తానుని పిలిపించారు. విన్నాక అతనికి ఆశ్చర్యం కలగలేదు. ఆశ్చర్యపోయింది నేనే.

"జక్కరయ్య అన్న ముందురోజే అన్నీ చూసుకుంటాడు మేడమ్. నేనూ చూసుకుంటా. పరంజ్యోతన్న ప్రార్థనలో టిక్కులు కొడతాడని మా ఇద్దరికీ ఎప్పట్నుంచో తెలుసు. ఎవరికీ చెప్పమాకు, చిన్నబోతాడు అన్నాడు అన్న. ఈసారి కూడా చూసుకునే ఉంటాడు." కాస్త ఆగి, "ఉంటాడులే అని మనం కూర్చోలేం కదా. నేను పోతా," అన్నాడు.

ఇంతకాలం నేను కళ్ళు తెరిచి వాళ్ళని చూస్తున్నాననుకున్నాను. వాళ్ళే నన్ను చూసి, ఏమీ అనకుండా నా పని కూడా చేసుకుంటూ వచ్చారు.

బండికి ఇద్దరు కావాలి. వదిన వస్తానంది. బయటి దుస్తుల్లో నడిచే అభ్యాసం లేదని సరోజిని గారు ఒప్పుకోలేదు. నేను వెళ్తానన్నాను. దాన్ని ప్రాయశ్చిత్తం అనుకోవద్దని, తాడు పట్టుకుని ముందు నడవడానికి ఇంకో మనిషి లేక పంపుతున్నానని ఆవిడ స్పష్టంగానే చెప్పారు. తనిఖీ అంతా మస్తాను చేశాడు. ఒక్కొక్కటీ పైకి చదివి, తెరిచి, చూసి, నాకు చూపించాడు. ఆ తర్వాతే ప్రార్థన జరిగింది.

మధ్యాహ్నం బయల్దేరాం.

407వ రోజు

బండిలో కూర్చుని రాస్తున్నాను. మస్తాను పక్కనే పడుకున్నాడు, నిద్రపోవట్లేదు.

గొయ్యి దాకా దారి పొడుగునా స్తంభాలు పాతి ఉంటాయి. మామూలు రోజుల్లో ఒక స్తంభం దగ్గర నిలబడితే ఇంకో నాలుగు కనిపిస్తాయి. ఈ దుమ్ములో పక్కదే కనపడలేదు. నేను నడుముకి తాడు కట్టుకుని ముందు నడిచి స్తంభం దొరకగానే తాడు లాగాలి. అప్పుడు మస్తాను బండి కదిలించాలి. నిన్న మధ్యాహ్నం నుంచి అలా ఒక్కొక్కటే వెతుక్కుంటూ వచ్చాం.

నడుస్తున్నంతసేపూ బేరాలాడాను. ఆయన్ని బతికించు, ఇక జన్మలో అబద్ధమాడను. బతికించు, బండ్ల పని మానేసి తొట్లు కలుపుతాను. బతికించు, ఊరందరి ముందూ చెప్తాను. ప్రతి స్తంభానికీ ఒక బేరం. వదిన ఏ బేరమూ పెట్టలేదని నలభయ్యో స్తంభం దగ్గర తట్టింది. తట్టినా మానలేదు.

ఈ ఉదయం, మొదటి డబ్బా అయిపోవాల్సిన గంట దారిలోనే గడిచిపోయింది. మేమిద్దరం గడియారం వైపు చూడలేదు. ఇద్దరికీ తెలుసు.

అరవై ఒకటో స్తంభం దాటాక నేల పగిలి ఉంది. పాత పగులే, పక్కగా పోవాలి. ఈమధ్య దాని అంచు విరిగి వెడల్పయింది. జక్కరయ్య అన్న బండి అందులో ముక్కు కిందికి దిగబడి ఉంది. ముందు అద్దం పగిలిపోయింది. ఆయన సీటులోనే ఉన్నాడు. బెల్టు కట్టుకునే ఉన్నాడు. ముఖం మీద సన్నగా దుమ్ము.

బండి గడియారం గాలి పోయిన వేళ దగ్గర ఆగిపోయింది. 402వ రోజు, మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలు. అప్పటికి దుమ్మే లేవలేదు. ఆయన మంచు గొయ్యి దాకా చేరనే లేదు. మేం వంటశాలలో కూర్చుని తొమ్మిది రోజులని ఒకరు, ఐదు రోజులని ఒకరు లెక్కలు వేసుకున్నప్పుడు ఆయనకి ఏ లెక్కా లేదు.

మస్తాను బయట ఏడుస్తూ ఉండిపోయాడు. నేను వెనక్కి పాక్కుంటూ వెళ్ళి సీటు కింద అర తెరిచాను.

డబ్బా ఉంది. ఎత్తి చూశాను, నిండుగా ఉంది. మూత ఒక చుట్టు వదులు చేసి, ఊడిపోకుండా గుడ్డ చుట్టి ఉంది. ఆయనే చేసుకున్నాడు.

ఇప్పుడు రాయబోయేది రాయకపోతే ఈ పుస్తకం మొత్తం దండగ. ఆ డబ్బా చేతికి తగలగానే నాకు సంతోషం కలిగింది. నాలుగడుగుల దూరంలో జక్కరయ్య అన్న చచ్చిపోయి ఉన్నాడు. నేను డబ్బాని ఒళ్ళో పెట్టుకుని సంతోషపడ్డాను. నేను చంపలేదు అని పైకే అన్నాను. శిరస్త్రాణం లోపల ఆ మాట నా చెవులకే గట్టిగా వినబడింది.

409వ రోజు

నిన్న దుమ్ము తగ్గింది. ఈ ఉదయం ఆయన్ని తూర్పు గోడ అవతల పూడ్చిపెట్టాం. వదిన పాట పాడింది. దుస్తుల్లోని రేడియోల ద్వారా అందరి చెవుల్లోనూ ఆవిడ గొంతే. రెండు చోట్ల ఆగింది. ఆగి మళ్ళీ అందుకుంది.

తర్వాత వంటశాలలో సరోజిని గారు జరిగిందంతా దాచకుండా చెప్పారు. నేను చెప్పకపోవడం, డబ్బా ఉండటం, గడియారం. చెప్పినా చెప్పకపోయినా అన్న బతికేవాడు కాదని కూడా చెప్పారు. నన్ను మూడు నెలలు తనిఖీ నుంచి తప్పించారు. అక్కడితో సరి.

జనం ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పట్టుకున్నారు. "నీ తప్పేం లేదయ్యా," అన్నారు. తిమోతి గారు కళ్ళ నీళ్ళతో, "చూశావా, దేవుడు నీ మీద నింద పడనివ్వలేదు," అన్నారు. నాకు ఆ మాట తియ్యగా ఉంది. భోజనం దగ్గర రెండోసారి జావ పెట్టించుకున్నాను. ఐదు రోజుల తర్వాత రుచి తెలిసింది.

వదిన నా దగ్గరికి రాలేదు.

411వ రోజు

రెండు రోజులు తొట్ల వైపు వెళ్ళలేదు. ఈ ఉదయం వెళ్ళాను. ఏం వినడానికి వెళ్ళానో నాకు తెలుసు. నీ తప్పేం లేదని ఊరంతా చెప్పిన మాట ఆవిడ నోట కూడా వినాలి. విన్నానంటే ఈ పుస్తకం మూసెయ్యొచ్చు.

ఆవిడ రెండో తొట్టి దగ్గర ఉంది. నీళ్ళు తక్కువై నాచు అంచులకి అంటుకుపోయి ఉంది. ఏం మాట్లాడాలో తెలీక, ఐదు రోజులు అంతగా ప్రార్థించావు కదా వదినా, అప్పటికే అన్న లేడు కదా, అన్నాను. ఎందుకన్నానో. బహుశా ఆవిడ కూడా నాలాగే ఏదో ఒకటి పోగొట్టుకుంటే చూడాలనుకున్నానేమో.

"ఏమని ప్రార్థించానో నీకేం తెలుసు," అంది. "తిరిగి ఇమ్మనీ అడిగా, ఆయన్ని ఒంటరిగా వదలమాకు అనీ అడిగా. వదల్లేదు. నేను అడగక ముందే తీసుకుపోయి దగ్గర పెట్టుకున్నాడు. నాకు ఇయ్యలేదని కోపం ఉంది. లేదని చెప్పను. ఆ కోపం కూడా ఆయనకే చెప్తున్నా. ఇంకెవరికి చెప్పను?"

కాసేపు కలియబెట్టింది. నేను వెళ్ళలేదు. అడగడానికి వచ్చింది అడగాలి కదా.

"డబ్బా నిండుగానే ఉంది వదినా," అన్నాను.

"మస్తాను చెప్పాడు."

"మూత కూడా వదులుగా..."

"ఆయన చేసుకున్నాడు. నువ్వు చెయ్యలా." అప్పుడు కర్ర ఆపి నా ముఖంలోకి చూసింది. "పరంజ్యోతీ, ఆయన బతికొస్తేనే దేవుడు మంచోడని నేను అనలా. డబ్బా దొరికింది గదా అని నువ్వు మంచోడివి అయిపోతావా? అది అక్కడ లేదనే అనుకున్నావు నువ్వు. ఆయన ఊపిరాడక చచ్చిపోతన్నాడనే అనుకున్నావు. అనుకుంటా మూడు రోజులు నా ఎదురుగా నిలబడి నీళ్ళు పోశావు. వదులు చేశానన్నావు. అది ఎక్కడికి పోద్ది?"

ఎక్కడికీ పోలేదు. ఊరందరి మాటల కింద రెండు రోజులు కప్పిపెట్టాను, అంతే. ఆవిడ ఆ కప్పు తీసేసరికి ఏడుపొచ్చింది. జక్కరయ్య అన్న కోసం నేను ఏడవడం అదే మొదటిసారి. అప్పటి దాకా నా కోసమే భయపడ్డాను, నా కోసమే ఊపిరి పీల్చుకున్నాను.

ఆవిడ ఓదార్చలేదు, పొమ్మనలేదు. తొట్టి అంచుకి అంటిన నాచుని గోళ్ళతో గీకి నీళ్ళలోకి దింపుతూ ఉంది.

"నన్ను క్షమించావా?" అని అడిగాను.

"ఇంకా క్షమించలా. నా కాడ లేదది. ఆయన్ని అడుగుతున్నా. ఆయనిస్తే నీకిస్తా."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోయినా రేపు రా. ఆరు తొట్లకి నీళ్ళు పొయ్యాలి."

412వ రోజు

వెళ్ళాను. ఆరింటికీ పోశాను. ఆవిడ ఏమీ అనలేదు.

413వ రోజు

వెళ్ళాను.

414వ రోజు

వెళ్ళాను. ఏమీ అనలేదు. రేపు కూడా వెళ్తాను.